మా మామ్మ నోటుబుక్కు తెలుగా ఒడియానా? టర్కీ మొదటి నవలకి కూడా ఇదే గొడవంట, నిజమేనా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, తిట్టుకోకండి.

సంక్రాంతికి పాతపట్నం ఇంటికెళ్ళి అటక దులుపుతుంటే మా మామ్మ రేకుపెట్టి దొరికింది. చిమ్మెటలు కొట్టేసిన రెండు పట్టుచీరలు, ఒక కుంకుమభరిణ, అడుగున నాలుగు నోటుబుక్కులు. తీసి చూస్తే అంతా ఒడియా అక్షరాలు. మామ్మ పుట్టిల్లు పర్లాకిమిడి, 1936లో అది ఒడిశాలోకి పోయింది కదా, ఆవిడ చదివిన నాలుగు క్లాసులూ ఒడియా బళ్ళోనే. ఇంట్లో మాత్రం అందరూ తెలుగే. పెళ్ళయి ఇటొచ్చాక తెలుగు రాయడం నేర్పినవాళ్ళు లేరు, ఆవిడకి అవసరమూ పడలేదు. మా నాన్నకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నాకు రెండూ రావు.

ఎవరిచేతైనా చదివిద్దామని పర్లాకిమిడిలో ఒక జిరాక్స్ షాపులో కుర్రాడికి ఇచ్చాను. భవానీపట్నం నుంచి పనికొచ్చినవాడంట, తెలుగు ముక్క రాదు. గడగడా రెండు లైన్లు చదివి ఆగిపోయి, ఇది ఒడియా కాదు సార్ నాకేం అర్థం కావట్లేదు అన్నాడు హిందీలో. నాకేమో మొత్తం అర్థమైపోయింది! బెల్లం రెండు వీసెలు, చింతపండు వీసె, పాలవాడికి బాకీ ముప్పావలా. చదివేవాడికి అర్థం కాదు, అర్థమయ్యేవాడికి చదవడం రాదు. ఆ కుర్రాడికి టీ ఇప్పించి ఒక గంట కూర్చోబెట్టి చదివించుకుని ఫోన్లో రికార్డు చేశాను. లెక్కలయ్యాక పెళ్ళిపాటలు, మందుల చిట్కాలు, ఎవరెవరు ఎప్పుడు ఊరెళ్ళారు, అన్నీ ఉన్నాయి.

వీటిని స్కాన్ చేసి ఒక డిజిటల్ ఆర్కైవ్‌కి పంపుదామనుకున్నాను. వాళ్ళ ఫారంలో భాష అని ఒకటే గడి ఉంది, లిపికి వేరే గడి లేదు. ఒడియా అని పెడితే ఏ తెలుగువాడూ వెతకడు, తెలుగు అని పెడితే తెరిచినవాడు ఒక్క అక్షరం చదవలేడు. ఏం పెట్టాలి?

ఇదే మా ఆఫీసులో చెప్తే ఒకాయన, టర్కిష్ భాషలో మొదటి నవల కూడా ఆర్మేనియన్ అక్షరాల్లో ఉందోయ్, వందేళ్ళకి పైగా దాన్ని ఎవడూ లెక్కెయ్యలేదు అన్నాడు. నిజమేనా? ఆర్మేనియన్లకి టర్కిష్‌లో రాయాల్సిన పనేంటి, రాస్తే గీస్తే వాళ్ళ అక్షరాల్లో ఎందుకు?

ఇంకోటి, నవ్వకండి. ఒక్క లైను దగ్గర ఇంట్లో గొడవ నడుస్తోంది. ఒడియాలో ఎ, ఏ లకి వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకి కూడా అంతే. మామ్మ రాసిన లైను ఏంటంటే, గొలుసు పెద్దమ్మి మెడలో ఉండిపోయింది. లేదా, గొలుసు పెద్దమ్మి మేడలో ఉండిపోయింది. పెద్దమ్మి అంటే మా పెద్దత్త. పాతపట్నం ఇంట్లో పైగదిని పెద్దమ్మి మేడ అనేవారు, పెళ్ళికి ముందు ఆవిడ చదువుకునే గది అది. ఆ మూడుపేటల గొలుసు నలభై ఏళ్ళుగా కనబడట్లేదు. ఇప్పుడు అర్థమైందా గొడవ?


మూడులాంతర్లు (విజయనగరం)

నిజమే బాబూ. మీ ఆఫీసాయన కరెక్టుగానే చెప్పారు.

ఆ పుస్తకం పేరు అకాబి హికాయెసి, అంటే అకాబి కథ. 1851లో ఇస్తాంబుల్లో అచ్చయింది. రాసినాయన హొవ్‌సెప్ వర్తన్యాన్, ఆటోమాన్ ప్రభుత్వంలో ఉద్యోగం చేసి పాషా బిరుదు పొందాడు కాబట్టి వర్తన్ పాషా అని కూడా అంటారు, 1879లో పోయాడు. భాష టర్కిష్, అప్పట్లో ఇస్తాంబుల్ వీధుల్లో మాట్లాడే టర్కిష్. అక్షరాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఆర్మేనియన్. బళ్ళల్లో మొదటి టర్కిష్ నవల అని చెప్పేది షెమ్సెత్తిన్ సామి రాసిన తలాత్, ఫిత్నత్‌ల ప్రేమకథ, అది 1872. అంటే అకాబి దానికంటే 21 ఏళ్ళు ముందు.

ఇప్పుడు ఎందుకు రాశారంటే, మీ మామ్మగారు ఎందుకు రాశారో అందుకే. అనటోలియాలో, అంటే టర్కీలో ఆసియా వైపు ఉన్న భాగంలో, చాలా ఊళ్ళల్లో ఆర్మేనియన్ల ఇంటిభాష తరాల కిందటే టర్కిష్ అయిపోయింది, కొందరికి ఆర్మేనియన్ మాట్లాడ్డమే రాదు. కానీ పిల్లాడికి అక్షరాలు దిద్దించేది చర్చి బడి. అక్కడ దిద్దేది మెస్రోప్ మష్తోత్స్ 405 ప్రాంతంలో చేసిన ఆర్మేనియన్ లిపే. మొదట 36 అక్షరాలు, తర్వాత రెండు కలిసి 38. అరబ్బీ లిపి దిద్దించేది మదరసాలో, అక్కడికి వీళ్ళ పిల్లలు వెళ్ళరు. నోట్లో ఒక భాష, చేతిలో ఇంకో లిపి. ఆ కాలంలో అక్షరం మతంతో పోయేది, మాట ఊరితో పోయేది.

మనకి ఇది వింతగా ఎందుకనిపిస్తుందో నాకర్థం కాదు. మీ ఇంట్లో విష్ణు సహస్రనామం ఏ అక్షరాల్లో ఉంది? తెలుగులోనే కదా. అది తెలుగు పుస్తకమంటే ఒప్పుకుంటారా? మా వీధిలో సాయిబుల ఇళ్ళల్లో దువాలు తెలుగు అక్షరాల్లో అచ్చేసిన చిన్న పుస్తకాలుంటాయి, అవి అరబ్బీ కాదంటే ఊరుకుంటారా? మతానికి సంబంధించినదైతే మనం మాట్లాడకుండా ఒప్పేసుకుంటాం, నవలో పద్దుల పుస్తకమో అయ్యేసరికి ఏ భాషండీ ఇది అని నిలదీస్తాం.

ఇది ఒక నవలతో మొదలై ఒక నవలతో అయిపోయిన వ్యవహారం కూడా కాదు. 1727లో వెనిస్‌లో మెఖితార్ అనే ఆర్మేనియన్ సన్యాసి ఒక వ్యాకరణం అచ్చేశాడు. ఆయన మఠం అక్కడ సాన్ లాజరో అనే చిన్న ద్వీపంలో ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ వ్యాకరణం ఆర్మేనియన్ భాష నేర్పడానికి, కానీ నేర్చుకునేవాళ్ళకి వచ్చింది టర్కిషే కాబట్టి పాఠం చెప్పింది టర్కిష్‌లో, రాసింది ఆర్మేనియన్ అక్షరాల్లో. ముచ్చటగా లేదూ? అక్కణ్ణించి 20వ శతాబ్దం సగం దాటేదాకా ఈ పద్ధతిలో దాదాపు 2000 పుస్తకాలొచ్చాయి. పత్రికలు, నిఘంటువులు, వైద్యం పుస్తకాలు, ఫ్రెంచి నవలల అనువాదాలు, 1840ల్లో అమెరికా మిషనరీ విలియం గుడెల్ చేసిన బైబిలు. వర్తన్ పాషాయే నెపోలియన్ చరిత్ర కూడా ఇలాగే రాశాడు.

కథ కూడా చెప్తాను, ఎందుకంటే చదివితే మన కథే అనిపిస్తుంది. అకాబి ఆర్మేనియన్ సొంత చర్చికి చెందిన పిల్ల. హాగోప్ కాథలిక్ ఆర్మేనియన్. ఇద్దరిదీ ఒకే జాతి, ఒకే ఊరు, ఇంట్లో మాట్లాడేది ఒకే భాష, దేవుడూ ఒకడే, అయినా పెళ్ళి కుదరదు. 1830 ప్రాంతంలో సుల్తాన్ ప్రభుత్వం కాథలిక్ ఆర్మేనియన్లని విడి సమాజంగా గుర్తించింది, ఆ పంపకాల గాయం ఇంకా పచ్చిగా ఉండగా రాసిన నవల ఇది. పెద్దలూ పాదిరీలూ కలిసి ఇద్దర్నీ విడదీస్తారు, చివరికి ఇద్దరూ పోతారు. రాసినాయన కాథలిక్కే, అయినా రెండు పక్షాల్నీ వాయించాడు. అందులో రూపెనిగ్ ఆగా అని ఒక షోకిలా ఉంటాడు, రెండు ఫ్రెంచి ముక్కలు పట్టుకుని పారిస్ దొరలా ఫోజులు కొడతాడు. వాడి గురించి చదివినప్పుడు నాకు మా ఊరి గిరీశమే కళ్ళ ముందు కనబడ్డాడు, చుట్ట ఒక్కటే తక్కువ. ఇంగ్లీషు బదులు ఫ్రెంచి, అంతే. గిరీశం పుట్టేసరికి రూపెనిగ్‌కి నలభై ఏళ్ళు.


ఆముదాలవలస_ప్యాసింజర్

ఏటి మేస్టారూ అంత దూరం ఎల్లిపోనారు 😀 మా ఆవిడ పొద్దున్న వాట్సాప్‌లో పంపింది ఇంగ్లీషు అక్షరాల్లో, వచ్చేటప్పుడు వంకాయలు తెమ్మని. ఆ మెసేజి ఏ భాషండీ? రేపు ఇరవయ్యొకటో శతాబ్దం తెలుగు గురించి పరీక్షల్లో రాసేవాడు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఇంగ్లీషు సాహిత్యంలో కలిపేస్తాడేమో.

గొలుసు సంగతి ముందు తేల్చండి బాబూ. నవల 1851దైనా 1872దైనా మా ఇంట్లో అన్నం ఉడకదు.


కోటజంక్షన్ (విజయనగరం)

మూడులాంతర్లు గారు చెప్పిన వివరాలు తప్పనను, కానీ మొదటి నవల అనే బిరుదు దగ్గర నాకు పేచీ ఉంది.

మొదటిది అంటే తేదీ ఒక్కటే కాదు కదండీ. దాని వెనకాల ఇంకోటి, ఇంకోటి రావాలి, అప్పుడే అది మొదటిది. అకాబి చదివింది ఎవరు? ఆర్మేనియన్ అక్షరాలు వచ్చినవాళ్ళు. టర్కిష్ రచయితలు, అంటే అరబ్బీ లిపిలో రాసుకునేవాళ్ళు, నవల రాయడం నేర్చుకున్నది ఫ్రెంచి నుంచి, అకాబి నుంచి కాదు. 1862లో అచ్చయిన తెలెమాక్ అనే ఫ్రెంచి నవల అనువాదం, ఆ తర్వాత సామి, నామిక్ కెమాల్, అహ్మత్ మిధాత్, ఆ వరస వేరు. ఎవరికీ తెలీకుండా పెరట్లో పూసిన పువ్వుని ఊళ్ళో మొదటి పువ్వు అంటే ఎలా?

తెలుగులోనే చూడండి. నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి శ్రీరంగరాజ చరిత్ర 1872లో వచ్చింది. కందుకూరి వారి రాజశేఖర చరిత్ర 1878. ఆరేళ్ళు ముందొచ్చినా ఎంతమంది చెట్టిగారి పేరు చెప్తారు? అందరూ వీరేశలింగం గారనే అంటారు, ఎందుకంటే ఆయన దారిలో పదిమంది నడిచారు. దేన్నైతే చదివి జనం రాయడం మొదలెట్టారో దానికే ఆ పేరు ఇవ్వాలని నా లెక్క.

నోటుబుక్కు గురించి: మామ్మగారి బుక్కు తెలుగే. అందులో నాకు అనుమానం లేదు. నా పేచీ మొదటి అన్న మాటతోనే.


పలాస_జీడి

నేను షిప్పుల్లో ఫిట్టర్ని, ఇస్తాంబుల్ పక్కన తుజ్లా అని షిప్‌యార్డులు ఉంటాయి, అక్కడ రిపేరుకి మా షిప్పు ఏడు నెలలు ఆగిపోనాది. పుస్తకాలు నాకు తెలీవు గానీ ఈ విషయం మాత్రం కళ్ళారా చూసాను అందుకే రాస్తన్నాను.

ఒక ఆదివారం మా ఫోర్‌మాన్ నన్ను పాత ఊరు చూపిస్తానని తీసుకెళ్ళాడు. కోటగోడ బైట బాలిక్లి అని గ్రీకు చర్చి ఉంది, నీళ్ళల్లో చేపలుంటాయి, జనం ఆ నీళ్ళు పట్టుకెళ్తారు, మన పుష్కరిణిలాగ. ఆ చర్చి ముంగిట్లో నేలమీద పరిచిన పలకలన్నీ పాత సమాధి రాళ్ళే, వాటిమీద నడిచే వెళ్ళాలి, నాకు కాలు పెట్టడానికి మనసొప్పలేదు. కొన్నింటిమీద బొమ్మలు చెక్కి ఉన్నాయి, చచ్చిపోయినాయన ఏ పని చేసేవాడో ఆ పనిముట్లు. అక్షరాలు గ్రీకువి. మా ఫోర్‌మాన్ పచ్చి టర్కీవాడు, ఇది గ్రీకు నాకు రాదు అన్నాడు. అంతలో కొవ్వొత్తులు పెట్టుకుంటున్న ఒక ముసలమ్మ వచ్చి ఒక రాయిమీద రాసింది వేలు పెట్టి పైకి చదివింది. మావాడి మొహం చూడాల్సింది! అది మొత్తం టర్కిషేనట, కైసేరి ఊరి నుంచి వచ్చిన ఫలానా ఆయన ఇక్కడ పడుకున్నాడు అని. నాగావళి_గట్టు అన్న రాసిన జిరాక్స్ షాపు కథ చదవగానే నాకు అదే గుర్తొచ్చేసింది, అచ్చంగా అదే సీను.

తర్వాత మావాడే కనుక్కుని చెప్పాడు, వాళ్ళని కరమన్లీలు అంటారంట. క్రైస్తవులు, మాట టర్కిష్, రాత గ్రీకు. 1923లో రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నప్పుడు భాష చూడలేదు, మతం చూసారు. దాంతో గ్రీకు ముక్క రానివాళ్ళని కూడా నువ్వు గ్రీకువాడివని గ్రీసుకి ఓడెక్కించేసారు. అక్కడ దిగాక వాళ్ళని టర్కీవాళ్ళన్నారంట. పాపం.

ఇంకో సంగతి కూడా మావాడే చెప్పాడు. పాత టర్కిష్ అరబ్బీ అక్షరాల్లో రాసినప్పుడు అయ్యాడు అన్నా చచ్చిపోయాడు అన్నా ఒకేలాగ రాసేవారంట. ఒల్దు అంటే అయ్యాడు. మొదటి ఒ ని నాలిక ముందుకి తెచ్చి ఎ లాగ పలికి పెదాలు మాత్రం గుండ్రంగా ఉంచితే చచ్చాడు. ఫలానా ఆయన మంత్రి అయ్యాడో మంత్రి చచ్చాడో వెనకా ముందూ చూసుకుని చదవాల. మెడ మేడ కంటే ఇది డేంజరు కాదేటి 😀


మూడులాంతర్లు

పలాస తమ్ముడూ, నువ్వు చెప్పిన ఒక్క ముక్కలో అసలు కీలకం ఉంది, నేను చెప్పడం మర్చిపోయాను.

టర్కిష్‌కి అచ్చులు 8. అరబ్బీ లిపిలో అచ్చులకి వాడుకునే అక్షరాలు మూడో నాలుగో, చాలాచోట్ల అవి కూడా రాయరు. ఆర్మేనియన్‌లో అచ్చులకి విడి అక్షరాలున్నాయి. లేనివాటికి రెండక్షరాలు జత చేసుకున్నారు, నువ్వు చెప్పిన ఆ గుండ్రటి ఎ కి ఎ అక్షరం పక్కన ఓ అక్షరం పెట్టేసేవారు. దాంతో అయ్యాడు వేరు, చచ్చాడు వేరు. అందుకే ఆ కాలం టర్కిష్ నోట్లో నిజంగా ఎలా పలికేదో తెలుసుకోవాలంటే భాషాశాస్త్రం వాళ్ళకి ఈ ఆర్మేనియన్ అక్షరాల పుస్తకాలే పెద్ద ఆధారం. పొరుగువాడి చొక్కానే ఒంటికి సరిగ్గా సరిపోయింది. అయితే దీన్ని చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఇస్తాంబుల్ ఆర్మేనియన్లు బ, ప లని తారుమారు చేసి పలుకుతారు, ద, త లు కూడా అంతే. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో చదువుకున్నవాడు ఆ పుస్తకం తెరిస్తే బిర్ అన్న చోట పిర్ అని చదువుతాడు. బిర్ అంటే ఒకటి. మొదటి అంకె దగ్గరే బోల్తా.

కోటజంక్షన్ గారూ, మీ పేచీ న్యాయమైనదే, ప్రభావం వేరు ముందు రావడం వేరు. కానీ పెరట్లో పువ్వు అన్నారే, అక్కడ ఒప్పుకోను. ఆ పెరట్లో పత్రికలున్నాయి, ప్రెస్సులున్నాయి, వేలమంది పాఠకులున్నారు. 1863లో బాలిక్చియాన్, 1868లో మరూష్ అని ఇంకా రచయితలు వరసగా అదే పద్ధతిలో నవలలు రాశారు. వెనకాల ఇంకోటి రావాలన్నారుగా, వచ్చాయి. ఆ పక్క గోడ ఎక్కి చూసినవాళ్ళే తక్కువ. పలాస తమ్ముడు చెప్పిన కరమన్లీల్లో కూడా ఇవాంజెలినోస్ మిసాయిలిదిస్ అని ఒకాయన 1871, 72లో గ్రీకు అక్షరాల్లో లావుపాటి టర్కిష్ నవల వేశాడు. దాన్ని ఇదే మొదటిదనేవాళ్ళూ ఉన్నారు, కాదు అది పాలెయోలొగోస్ అనే గ్రీకు రచయిత 1839 నవలకి అనుసరణ కదా అనేవాళ్ళూ ఉన్నారు. రాజశేఖర చరిత్రకి ఇంగ్లీషు రచయిత గోల్డ్‌స్మిత్ నవల వాసన ఉందని మన దగ్గరా అన్నారుగా, కందుకూరి వారే ఆ మాట దాచలేదు. ప్రతి భాషలోనూ ఈ పంచాయితీ ఇలాగే నడుస్తుందేమో. శ్రీరంగరాజ చరిత్రా సామి నవలా ఒకే ఏడు, 1872, చూశారా? నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడలేదు, మీరు రాశాక చూశాను.

ఇంకో తమాషా. మీరు మొదటివాడన్న షెమ్సెత్తిన్ సామి పుట్టుకతో అల్బేనియన్. టర్కిష్‌కి పెద్ద నిఘంటువు చేసినవాడూ ఆయనే, 1879లో అల్బేనియన్ భాషకి లాటిన్ అక్షరాలతో కొత్త లిపి తయారుచేసినవాడూ ఆయనే. ఆయన్ని టర్కిష్ రచయిత అనడానికి ఎవరికీ అడ్డం రాలేదు, ఎందుకంటే ఆయన నవల అరబ్బీ అక్షరాల్లో ఉంది. అల్బేనియన్ రాస్తే టర్కిష్ నవల, ఆర్మేనియన్ రాస్తే ఆర్మేనియన్ల పుస్తకం. ఎక్కడుంది తేడా? అక్షరంలోనే కదా?

వందేళ్ళ సంగతి కూడా చెప్పేస్తాను. 1928 నవంబరు 1న టర్కీ ప్రభుత్వం అరబ్బీ లిపి తీసేసి లాటిన్ లిపి తెచ్చింది, కొత్త ఏడాదికల్లా పుస్తకాలన్నీ అందులోనే ఉండాలంది. ఆ తర్వాత పుట్టినవాళ్ళకి తాతలు రాసిన అరబ్బీ లిపే రాకుండా పోయింది, ఇంక ఆర్మేనియన్ అక్షరాలు ఎవరికి కావాలి? టర్కిష్ సాహిత్యం మీద పనిచేసేవాళ్ళు ఆర్మేనియన్ నేర్చుకోరు, ఆర్మేనియన్ సాహిత్యం మీద పనిచేసేవాళ్ళకేమో ఇది ఆర్మేనియన్ భాష కాదు కాబట్టి అక్కర్లేదు. రెండు బీరువాల మధ్య సందులో పడిపోయింది. ఆండ్రియాస్ టిట్సె అని ఆస్ట్రియా పండితుడు 1991లో అకాబిని లాటిన్ అక్షరాల్లోకి ఎత్తి రాసి ఇస్తాంబుల్లో అచ్చేయించాడు. అనువాదం కాదు, ఒక్క మాట మార్చలేదు, అక్షరం మార్చాడంతే. అప్పటిదాకా చదవలేనివాళ్ళందరూ మర్నాటికి చదివేశారు. 140 ఏళ్ళు అడ్డంగా నిలబడింది ఆ 38 అక్షరాలే.

ఫారం విషయానికొస్తే భాష గడిలో తెలుగు అని పెట్టి, వివరాల్లో లిపి ఒడియా అని రాయండి. ఆర్మేనియన్ అక్షరాల పుస్తకాలకి లైబ్రరీల వాళ్ళు చేసేది కూడా అలాంటిదే.


సీతంపేట_టీచరమ్మ

నేను ఏజెన్సీలో టీచర్ని. మా బళ్ళో సవర పిల్లల వాచకాలు తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి, భాష సవర. కాబట్టి ఈ పోస్టులో చెప్పింది మాకు రోజూ ఉండేదే.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని మొదట తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నారు. తర్వాత 1936లో మంగెయ్ గొమాంగో గారు సవరకి సొంతంగా సొరంగ్ సొంపెంగ్ అనే లిపి చేశారు, 24 అక్షరాలు. మిషన్ వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, కొండకి అటువైపు ఒడియాలో కూడా రాస్తారు. మా బడిలో ఒక పాప వాళ్ళ మేనమామది ఒడిశా వైపు, ఆయన రాసిన ఉత్తరం పాపకి చదవడం రాలేదు. ఫోన్ చేసి మాట్లాడుకుంటే మాత్రం ఇద్దరిదీ ఒకే భాష. ఆ ఉత్తరం నా దగ్గరికి తెస్తే నాకూ రాలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. సవరలో గొంతులో ఠక్కున ఆగిపోయే శబ్దం ఒకటుంది, తెలుగు అక్షరాల్లో దానికి చోటు లేదు. పిల్లలకి బోర్డు మీద రాసేటప్పుడు నేను అక్షరం పక్కన చిన్న గీత పెడతాను, అది ఏ పుస్తకంలోనూ లేదు, నా అలవాటంతే, మా బడి పిల్లలకి తెలుసు. వేరే లిపిలో రోజూ రాసుకునేవాళ్ళు ఏదో ఒక గుర్తు పెట్టుకునే ఉంటారు సార్. మీ మామ్మగారు నాలుగు బుక్కులు రాశారంటే ఏళ్ళ తరబడి రాసుంటారు, తను రాసింది తనే చదువుకోవాలి కదా. మేడ అనే మాట అనుమానం లేకుండా వచ్చే చోటు ఇంకెక్కడైనా ఉందేమో వెతికి, ఆ అక్షరం భూతద్దంలో చూడండి.


ఆముదాలవలస_ప్యాసింజర్

టీచరమ్మ గారికి ఒక దండం. సీబీఐకి పంపాల్సిన బుర్ర మేడం మీది.


నాగావళి_గట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. మూడులాంతర్లు గారూ, మీరు చెప్పినట్టే భాష తెలుగు అని పెట్టి వివరాల్లో లిపి ఒడియా, పర్లాకిమిడి ప్రాంతం అని రాసి పంపేశాను. కోటజంక్షన్ గారూ, మా మామ్మ మొదటిదీ కాదు చివరిదీ కాదు లెండి, బరంపురం వైపు ఇలా రాసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని మా నాన్న చెప్పారు.

టీచరమ్మ గారూ, మీ మాట పట్టుకుని నిన్న ఆదివారం మొత్తం కూర్చున్నాను. ఇప్పుడు నాకు ఒడియా అక్షరాలు ఒక ఇరవై దాకా వచ్చేశాయి, వ ఉండాల్సిన చోటల్లా మామ్మ బ పెట్టేసిందని కూడా కనిపెట్టాను, వంకాయ బంకాయ అయిపోయింది, విజయనగరం బిజయనగరం. ఆ యెరెవాన్ వాళ్ళ బ, ప గొడవ చదివి నవ్వుకున్నాను.

మూడో బుక్కులో ఇంటికి సున్నం వేయించిన ఖర్చు రాసిన పేజీ దొరికింది. మేడ మెట్లకి, మేడ గోడకి, పెరటి గోడకి అని వరసగా ఉంది. అది మెడ అయ్యే ఛాన్సే లేదు. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే మే మీద సన్నగా ఒక అడ్డగీత ఉంది, పెన్ను జారినట్టు కనిపిస్తుంది. మేడ అన్న రెండు చోట్లా ఉంది. గోడ లో గో మీద ఉంది. పక్కనే మెట్లు అన్న దాని మీద లేదు. అక్కణ్ణించి వెనక్కి వెళ్ళి చూస్తే కోడలు, తేనె, మేనమామ, అన్నిటికీ ఉంది, బెల్లం, కొబ్బరి, చెరువు, వీటికి లేదు. నేను ఇన్నాళ్ళూ దాన్ని కాగితం మడత అనుకున్నాను. నాలుగో క్లాసు చదివిన మనిషి ఎవరూ చెప్పకుండా తనంతట తనే ఏ కి ఒక గుర్తు, ఓ కి ఒక గుర్తు చేసుకుంది.

తర్వాత గొలుసు లైను తీశాను. గొలుసు లో గొ మీద గీత లేదు, సరే, ఉండకూడదు కూడా. పోయింది లో పో మీద ఉంది. ఆ రెండింటి మధ్యలో మన మాట ఉంది. ఫోన్ లైటు వేసి, కాగితం తిరగేసి, మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న భూతద్దం పెట్టి మరీ చూశాను.

గీత లేదు.

నాన్నకి చూపించాను. చాలాసేపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, బుక్కు మళ్ళీ రేకుపెట్టిలో పెట్టెయ్ అన్నారు. పెద్దత్త వచ్చే నెల మా చెల్లి సీమంతానికి వస్తోంది. స్కాన్లు పంపిన లింకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టమని అందరూ అడుగుతున్నారు, ఇంకా పెట్టలేదు.